క్రష్, ఫ్రెండ్, మూడు ముక్కలు: టారోని నీకు పనికొచ్చేలా చదవడం ఎలా?

రాత్రి పదకొండు దాటింది. నువ్వు పంపిన మెసేజ్ అవతలివాళ్లు చూసినట్టు ఫోన్ చూపిస్తోంది, జవాబు మాత్రం రాలేదు. దిండు పక్కనున్న టారో కట్టలోంచి, అదే జోస్యం చెప్పుకునే బొమ్మల పేకలోంచి, ఒక ముక్క తీశావు. నచ్చలేదు. వెనక్కి పెట్టేసి మళ్లీ కలిపావు. ఇంకొకటి తీశావు, అదీ నచ్చలేదు. ఆరోసారికి 'ది లవర్స్' పడింది. హమ్మయ్య అనుకుని పడుకున్నావు. పొద్దున లేచేసరికి ఫోన్ అలాగే ఉంది, టెన్షనూ అలాగే ఉంది.

పదిహేనేళ్ల వయసులో నేనూ ఇలా చాలా రాత్రులు కూర్చున్నాను. అందుకే టారో జోలికి వెళ్లొద్దని నీకు చెప్పను. ఎలా వాడితే మేలో, ఎలా వాడితే మనసుకి దెబ్బో నాకు తెలిసినంత చెబుతాను. ఒక్క విషయం మాత్రం ముందే ఒప్పుకుందాం. అవతలి మనిషి మనసులో ఏముందో ఏ ముక్కా చెప్పలేదు. నీ మనసులోనే ఉండి నువ్వు పైకి అనలేకపోతున్న మాటని బయటికి తీయడంలో మాత్రం ఈ బొమ్మలు చాలా సాయం చేస్తాయి. కింద చెప్పే పద్ధతంతా ఆ పని కోసమే.

1. ముందు కట్టని తీరిగ్గా చూడు

టారో కట్టలో 78 ముక్కలు ఉంటాయి. వాటిలో 22 మేజర్ ఆర్కానా, అంటే పెద్ద ముక్కలు: ది ఫూల్, ది మూన్, స్ట్రెంత్, డెత్ లాంటివి. మిగతా 56 మైనర్ ఆర్కానా, అంటే చిన్న ముక్కలు. మామూలు పేకలో ఆటీను, ఇస్పేటు ఉన్నట్టే ఇక్కడ కప్స్ (కప్పులు), వాండ్స్ (కర్రలు), స్వోర్డ్స్ (కత్తులు), పెంటకిల్స్ (నాణేలు) అని నాలుగు ఉంటాయి, ఒక్కోదానికి 14 ముక్కలు. కప్స్ మనసుకి, స్వోర్డ్స్ ఆలోచనలకీ మాటలకీ, వాండ్స్ ఉత్సాహానికి, పెంటకిల్స్ చదువు, డబ్బు, ఒళ్లు లాంటి రోజువారీ విషయాలకి గుర్తులని చెబుతారు. మొదలుపెట్టడానికి ఇంత తెలిస్తే చాలు.

ఇవి పుట్టింది 15వ శతాబ్దంలో, ఉత్తర ఇటలీలో, పేకాట ఆడుకోవడానికి. జోస్యం కోసం వాడటం 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో జోరందుకుంది. ఇది ప్రాచీన ఈజిప్టు రహస్య విద్య అని 1781లో కూర్ ద జెబలాన్ అనే ఆయన రాశాడు కానీ దానికి ఆధారమేదీ లేదు. ఎవరైనా "వేల ఏళ్ల నాటి శక్తి, తప్పు చేస్తే కీడు" అని భయపెడితే ఈ సంగతి గుర్తు చేసుకో. మొదటి కట్ట ఎవరో ఒకరు బహుమతిగా ఇవ్వాలే తప్ప మనం కొనుక్కోకూడదన్న మాట కూడా వినే ఉంటావు. పట్టించుకోకు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ వేసిన కట్ట, లేదా దాన్ని అనుసరించి గీసినది ఏదైనా. దాని బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. అంతకుముందు చాలా కట్టల్లో చిన్న ముక్కల మీద ఐదు కప్పులంటే ఐదు కప్పులే వరసగా ఉండేవి. ఆవిడ దాదాపు ప్రతి చిన్న ముక్క మీదా ఒక మనిషినో, ఒక సంఘటననో గీసింది. మనకి కావలసింది అదే. బొమ్మలో కథ ఉంటే పుస్తకం చూడకుండానే చదవచ్చు.

మొదటి రోజు ప్రశ్నలేమీ అడగకు. ముక్కలన్నీ నేల మీద పరుచుకో, నీకు నచ్చినవి మూడు, చూడగానే ఇబ్బందిగా అనిపించినవి మూడు పక్కకి తీసి పెట్టు. ఎందుకు నచ్చాయో, ఎందుకు ఇబ్బంది పెట్టాయో ఒక నోట్‌బుక్‌లో రెండేసి వాక్యాలు రాయి. ఈ నోట్‌బుక్ చివరిదాకా కావాలి, పారేయకు.

2. ప్రశ్నని తిప్పి రాయి

అసలు పనంతా ఇక్కడే ఉంది. ముక్కల అర్థాలు ఎన్ని బట్టీ పట్టినా ప్రశ్న తప్పైతే జవాబు నిన్ను ఏడిపిస్తుంది.

మన నోట్లోంచి ముందు వచ్చే ప్రశ్నలు ఇవి. వాడికి నేనంటే ఇష్టమేనా? వాడు ఆ అమ్మాయితో ఎందుకు మాట్లాడుతున్నాడు? నా ఫ్రెండ్ నా వెనక ఏమంటోంది? ఈ మూడింటికీ జవాబు నీ దగ్గరా లేదు, కట్ట దగ్గరా లేదు. అది వేరే మనిషి దగ్గర ఉంది. కట్టని అడిగితే నీ భయమో నీ ఆశో ఏది పెద్దగా ఉంటే అదే జవాబు చెబుతుంది.

కాబట్టి ప్రశ్నని 'నేను' వైపుకి తిప్పు. "వాడికి నేనంటే ఇష్టమేనా?" అన్నదాన్ని "వాడు ఎదురుపడితే నేను నాలా ఉండలేకపోతున్నాను, నన్ను ఆపుతున్నదేమిటి?" అని రాయి. "తను నాతో ఎందుకు మాట్లాడటం లేదు?" అన్నదాన్ని "తనతో మాట మొదలుపెట్టడానికి నాకు ఏం కావాలి?" అని మార్చు. "మేం మళ్లీ కలుస్తామా?" అన్నదాన్ని "ఇది తెగిపోతుందేమోనని నేను దేనికి భయపడుతున్నాను?" అని అడుగు. చివరిది రాయడానికే చెయ్యి ఆగిపోతుంది. ఆగిపోయినా రాయి.

మార్చిన ప్రశ్న సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ ప్రశ్నని ఆ మనిషి చదివితే నీకు సిగ్గుగా అనిపించవచ్చు, ఫర్వాలేదు. వాళ్ల మీద నిఘా పెట్టినట్టు వాళ్లకి అనిపిస్తుందా? అలా అయితే మళ్లీ మార్చు.

3. కలుపు, కోయి, మూడు తీయి

ప్రశ్న నోట్‌బుక్‌లో రాశాక ముక్కలు బాగా కలుపు, ఎడమ చేత్తో కుడి చేత్తో అని నియమాలేం లేవు. ఒకసారి కోసి, అంటే కట్టని రెండు భాగాలు చేసి పైది కిందికి పెట్టి, పైనుంచి మూడు తీయి. మొదటిది జరుగుతున్నదానికి, రెండోది నీ లోపల నడుస్తున్నదానికి, మూడోది నువ్వు చేయగలిగినదానికి. పది ముక్కల పెద్ద అమరికలు కూడా ఉన్నాయి కానీ మనసు బాగోలేనప్పుడు అన్నిటిని చూస్తే తల తిరుగుతుంది. తలకిందులుగా పడిన ముక్కని మామూలుగా తిప్పి పెట్టుకో, రివర్స్ అర్థాలు తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

ఒక ప్రశ్నకి ఒక్కసారే. నచ్చలేదని మళ్లీ తీయకు. తప్పకుండా మళ్లీ తీయాలనిపిస్తే, ఆ కోరికనే నోట్‌బుక్‌లో రాయి: "నాకు ఏ ముక్క రావాలని ఉంది?" ఆరోసారికి లవర్స్ వచ్చిందంటే కట్ట నీకు చెప్పిందేమీ లేదు. నీకు ఏ జవాబు కావాలో నువ్వే చెప్పుకున్నావు, అది ఒక్కటే నిజంగా తెలిసిన సంగతి. అదే ప్రశ్న మళ్లీ అడగాలంటే కనీసం రెండు వారాలు ఆగు. ఈ రెండు వారాలన్నది శాస్త్రమేం కాదు, నా అనుభవంలో మనసు కాస్త తేటపడటానికి పట్టిన సమయం.

4. అర్థం వెతకడానికి ముందు కళ్లతో చదువు

ముక్క తిప్పగానే ఫోన్ తీసి అర్థం వెతకడం అందరికీ అలవాటు. ఐదు నిమిషాలు ఆగు. బొమ్మలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఎటు చూస్తున్నారు, దేన్ని చూడటం లేదు అన్నది పైకి చెప్పు, ఎవరికో ఫోన్‌లో వివరిస్తున్నట్టు.

'ఫైవ్ ఆఫ్ కప్స్' చూద్దాం. నల్లటి దుప్పటి కప్పుకున్న మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. ముందు మూడు కప్పులు పడిపోయి, లోపలున్నది నేల మీద ఒలికింది. అతని చూపంతా దాని మీదే. వెనకాల ఇంకో రెండు కప్పులు నిటారుగా ఉన్నాయి, అతను తిరిగి చూడలేదు. దూరంగా నది, దాని మీద వంతెన, అవతల చిన్న కోట. ఇంతే బొమ్మ. ఇప్పుడు దీన్ని నీ విషయానికి తెచ్చుకో. ముగ్గురు కలిసి నిన్ను వదిలేసి బయటికి వెళ్లి ఫొటోలు పెట్టారనుకో. ఒలికిన మూడు కప్పులు నీకు వెంటనే తెలుస్తాయి. నిలబడి ఉన్న ఆ రెండు ఎవరు? నోట్‌బుక్‌లో పేర్లతో రాయాలి. "నాకూ ఎవరో ఉన్నారులే" అని రాస్తే కుదరదు. మొన్న నీ గొంతు తేడాగా ఉందని గుర్తుపట్టి "ఏమైంది?" అని అడిగింది ఎవరు? ఆ పేరు రాయి. ఇది రాసేటప్పుడు చాలామందికి కళ్లనీళ్లు వస్తాయి, రానివ్వు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఏ ముక్క పడినా మన కథకి సరిపోయినట్టే ఉంటుంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన 39 మంది విద్యార్థులకి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరిది వాళ్లకి అన్నట్టుగా ఒక వివరణ ఇచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. "నా గురించే చెప్పినట్టుంది!" అని ఒళ్లు జలదరించినప్పుడు ఇది తలుచుకో. సరిపోవడం రుజువు కాదు. సరిపోయిన చోట నీకు ఏ మాట తట్టిందన్నదే నీకు దొరికింది.

5. ఒక క్రష్, మొదటి నుంచి చివరి దాకా

ప్రశ్న: "తనతో మాట్లాడాలనుకున్న ప్రతిసారీ పక్కకి వెళ్లిపోతున్నాను, ఎందుకు?"

మొదటి చోట 'సెవెన్ ఆఫ్ కప్స్' పడింది. మబ్బుల్లో ఏడు కప్పులు, ఒకదాంట్లో కోట, ఒకదాంట్లో నగలు, ఒకదాంట్లో పాము, ఇంకోదాంట్లో ముసుగు వేసుకున్న ఆకారం. కింద ఒక మనిషి మనకి వీపు పెట్టి వాటినే చూస్తున్నాడు. జరుగుతున్నది ఇదే కావచ్చు. ఆ అబ్బాయి గురించి నీకు నిజంగా తెలిసినవెన్ని, నువ్వు ఊహించుకున్నవెన్ని? రెండు వరసలుగా రాయి. తెలిసిన వరస పొట్టిగా ఉంటే కంగారు పడకు, దాదాపు ప్రతి క్రష్ అలాగే మొదలవుతుంది.

రెండో చోట 'ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్'. కళ్లకి గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ కత్తులు పాతి ఉన్న అమ్మాయి. బాగా చూడు, కాళ్లకి కట్లు లేవు. ఎదురుగా కత్తులూ లేవు. నిన్ను కట్టేసిన మాట ఏమిటి? "నవ్వుతారు" అనా? ఎవరు నవ్వుతారు, ఇంతకుముందు ఎప్పుడైనా నవ్వారా?

మూడో చోట 'పేజ్ ఆఫ్ కప్స్'. పూల అంగీ తొడుక్కున్న కుర్రాడి చేతిలో కప్పు, అందులోంచి ఒక చేప తల పైకి పెట్టింది. అతను భయపడలేదు, కప్పు కింద పడేయలేదు, దాన్నే చూస్తున్నాడు. నువ్వు చేయగలిగింది ఇంత చిన్నదే కావచ్చు: ఒక వింతని చూసి, చూశానని చెప్పడం.

ఇక్కడితో ఆపితే ముక్కలు తీసిన ఫలితం సగమే. రేపు ఈ పాటికి జరిగిపోయే ఒక చిన్న పని రాయి. "ప్రపోజ్ చేస్తాను" లాంటిది వద్దు. "నిన్న నువ్వు గీసిన బొమ్మ బాగుంది అని చెబుతాను" అంత ఉంటే చాలు. తను థాంక్స్ చెప్పి వెళ్లిపోవచ్చు, ఆగి మాట్లాడవచ్చు. ఏదైనా సరే, తెలిసిన వరసలో నిజమైన సంగతి ఒకటి చేరుతుంది. "నాకు ఆసక్తి లేదు" అని సూటిగా చెబితే అదే జవాబు. దాని మీద మళ్లీ ముక్కలు తీయకు. ఆ రాత్రి ముక్కలు కాదు, పక్కన ఒక మనిషి కావాలి.

6. ఫ్రెండ్ విషయంలో నేను చేసిన తప్పు

నాకు ప్రాణంలాంటి ఫ్రెండ్ ఒకమ్మాయి ఉండేది. ఉన్నట్టుండి నాతో మాటలు తగ్గించేసింది, అడిగితే "ఏం లేదు" అనేది. నేను కట్టని అడిగాను: తను నా దగ్గర ఏం దాస్తోంది? 'సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్' పడింది. కత్తులు పట్టుకుని మునివేళ్ల మీద జారుకుంటున్న మనిషి. పుస్తకంలో అర్థం చూస్తే మోసం, దొంగతనం అని ఉంది. ఇంకేముంది, తను వేరే గుంపుతో చేరి నా గురించి చెబుతోందని తేల్చేసుకున్నాను. మూడు వారాలు మొహం తిప్పుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్ల అమ్మానాన్న విడిపోతున్నారు. ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతోంది.

ఆ ముక్కని మళ్లీ తీసి చూశాను. అతని చేతుల్లో ఐదు కత్తులున్నాయి, పట్టుకున్నది పిడులు కాదు, అంచుల వైపు. మోయలేక రెండు వెనకే వదిలేశాడు, తల తిప్పి వాటినే చూస్తున్నాడు. మోయలేనంత ఒంటరిగా మోస్తున్న మనిషిలా కూడా కనిపించాడు. బొమ్మ మారలేదు. మొదటిసారి చదివింది నా భయం.

అప్పటినుంచి నేను పాటిస్తున్నది, నిన్నూ పాటించమని గట్టిగా అడుగుతున్నది ఒకటే: దగ్గర లేని మనిషి గురించి ముక్క ఏం 'చెప్పినా' దాన్ని సాక్ష్యంగా తీసుకోకు. ఫ్రెండ్ మీద అనుమానం వస్తే ముక్క తీసేముందే ఒక మెసేజ్ పంపు. "ఈ మధ్య దూరంగా ఉంటున్నావనిపిస్తోంది. నా వల్ల ఏదైనా జరిగితే చెప్పు, వేరే ఏదైనా ఉంటే నేనున్నాను." ఇలాంటి మాటలు కుదరడం లేదా? అప్పుడు కట్ట తీయి, "నేను ఏ మాటతో మొదలుపెట్టాలి?" అని అడుగు. ఆ ప్రశ్నకి ఏ ముక్కైనా పనికొస్తుంది.

7. ఫ్రెండ్స్‌కి చదివేటప్పుడు

అందరూ గుండ్రంగా కూర్చుని ముక్కలు తీయడంలో ఒక ఆనందం ఉంది. 'త్రీ ఆఫ్ కప్స్'లో ముగ్గురు కప్పులు పైకెత్తినట్టే ఉంటుంది. దాన్ని కాపాడుకోవాలంటే నీ నోటిని అదుపులో పెట్టుకోవాలి. "వాడు నిన్ను మోసం చేస్తున్నాడు", "నీకు బ్రేకప్ అవుతుంది" అని ఎప్పుడూ అనకు. నువ్వు సరదాకి అన్నది తను ఆ రాత్రంతా మోస్తుంది. "ఈ బొమ్మలో నీకేం కనిపిస్తోంది?" అని అడిగి వదిలేయి, తననే మాట్లాడనివ్వు. అక్కడ విన్నది అక్కడే ఉండాలి. ముక్కల ఫొటో పెట్టి కింద పేరు రాయడం కూడా బయటికి చెప్పినట్టే. ఇంట్లో వద్దన్నారనో తన నమ్మకానికి సరిపడదనో ఎవరైనా తీయనంటే బలవంతం చేయకు, వెక్కిరించకు.

8. భయపెట్టే ముక్కలు, ఫోన్‌లో వచ్చే జోస్యాలు

రోజూ మూడు ముక్కలు తీసేవాళ్లకి డెత్ సగటున 26 రోజులకి ఒకసారి వస్తుంది, పిడుగు పడుతున్న బురుజు బొమ్మున్న టవర్ కూడా అంతే. అది లెక్క, శకునం కాదు. పైగా డెత్ ముక్కలో గుర్రం మీది అస్థిపంజరం వెనకాల రెండు స్తంభాల మధ్య సూర్యుడున్నాడు. టారో చదివేవాళ్లు దాన్ని ముగిసిపోతున్న దశగానే చూస్తారు, చావుగా కాదు. అలాగే మూడు ముక్కల్లో కనీసం ఒక మేజర్ ఆర్కానా 100కి సుమారు 64 సార్లు పడుతుంది కాబట్టి అది వచ్చిందని ఉలిక్కిపడకు.

"ఈ వీడియో నీ కంటపడిందంటే ఇది నీకోసమే, అతను నిన్నే తలుచుకుంటున్నాడు" అని ఫోన్‌లో తిరిగేవి లక్షల మందికి ఒకేసారి చేరతాయి. ఫోరర్ కాగితం లాంటివే. చూసి వదిలేయి. కానీ ఎవరైనా విడిగా మెసేజ్ చేసి డబ్బు, పుట్టినతేదీ, నీ ఫొటో, ఆ అబ్బాయి ఫొటో అడిగితే జవాబివ్వకుండా బ్లాక్ చేయి. "నీ మీద ఎవరో చేతబడి చేశారు, డబ్బు కడితే తీసేస్తాను" అంటే అది మోసమే, ఇందులో రెండో ఆలోచన వద్దు.

9. కట్ట మూసేయాల్సిన సమయాలు

కొన్నిటికి ముక్కలు తీయకూడదు. ఎవరైనా ఫొటోలు పంపమని ఒత్తిడి చేస్తున్నారా, పంపినవి బయటపెడతామని బెదిరిస్తున్నారా? నీకంటే చాలా పెద్దవాడెవరైనా "మన మాటలు ఎవరికీ చెప్పకు" అంటున్నాడా? ఇష్టమని చెబుతూనే నీ ఫోన్ చూస్తూ, ఫ్రెండ్స్‌ని మానేయమంటున్నాడా? ఎవరైనా చెయ్యి చేసుకున్నారా? అయితే ఈ రోజే నువ్వు నమ్మే పెద్దవాళ్లలో ఒకరికి చెప్పు, అమ్మో, అక్కో, టీచరో. మొదటివాళ్లు నమ్మకపోతే రెండోవాళ్లకి చెప్పు. నీదేం తప్పు లేదు. నిన్ను నువ్వు గాయపరచుకోవాలనిపించినా, బతకాలని లేదనిపించినా అంతే, ఒంటరిగా ఉండకుండా వెంటనే పక్కన ఒక మనిషిని పెట్టుకో. నీ ఫ్రెండ్ ఇలాంటిది చెప్పి "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నా, ఆ ఒట్టు తప్పి పెద్దవాళ్లకి చెప్పు.

ఇంకో గుర్తు చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. ముక్క తీయకుండా మెసేజ్ పంపలేకపోతున్నావా, ఏ బట్టలు వేసుకోవాలో కూడా కట్టని అడుగుతున్నావా? నెల రోజులు కట్టని ఎవరి దగ్గరైనా దాచిపెట్టు. నోట్‌బుక్ మాత్రం నీ దగ్గరే ఉంచుకుని, ప్రశ్నలు రాయడం కొనసాగించు. నెల తర్వాత తెరిచి ఆ ప్రశ్నలే వరసగా చదువు. ఎన్ని 'వాడు', 'తను' అని మొదలయ్యాయో, ఎన్ని 'నేను' అని మొదలయ్యాయో లెక్కపెట్టు. రెండో సంఖ్య పెరిగి ఉంటే కట్ట వెనక్కి తెచ్చుకో.